ఇత్తడి అంబాసిడర్

పెట్టె బల్ల మీదే ఉంది. అడుగు పొడవు అట్టపెట్టె, చుట్టూ నిలువుగా, అడ్డంగా పురికొస. ఆ పురికొస కట్టిన మనిషి ఎదురుగా కూర్చుని తాపీగా టీ తాగుతున్నాడు గానీ ముడి మాత్రం విప్పడం లేదు.

జీవానందం కళ్ళు ఆ ముడి మీదే ఉన్నాయి. గుడివాడ కరెంటాఫీసులో పనిచేసే అతను, ఎనభై దాటిన తల్లి మార్తమ్మను వెంటబెట్టుకుని శనివారం సాయంత్రం బందరు దాకా, చిలకలపూడిలో ఉన్న ఈ నాగభూషణరావు టీ కొట్టు దాకా వచ్చింది ఆ పెట్టె కోసమే. తండ్రి జకరయ్య పోయి రేపటికి ఏడాది. రేపు మధ్యాహ్నం ఇంటి దగ్గర జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. సంఘమంతా వస్తారు, చుట్టాలొస్తారు. "ఆయన ఫోటో పక్కన పూలకుండీలూ అవీ వద్దురా, ఆయన కారు ఉండాలి" అంది మార్తమ్మ. ఈ ఏడాదిలో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

కారంటే జకరయ్య బందరు-గుడివాడ రోడ్డు మీద టాక్సీగా తిప్పిన అంబాసిడర్. జీవానందానికి ఊహ తెలిసీ తెలియని వయసులోనే దాన్ని అమ్మేశారు. నల్ల రంగు, సీట్లలోంచి వచ్చే ఒక రకం వాసన తప్ప అతనికి ఇంకేం గుర్తులేదు. ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు. ఎవరో చెప్పారు, చిలకలపూడిలో గిల్టు నగలకి అచ్చులు చేసిన భుజంగరావు అనే ఆయన, వయసైపోయి ఆ పని మానేశాక, ఇత్తడి రేకు కత్తిరించి, టంకం పెట్టి, పాత బళ్ళ నమూనాలు చేస్తున్నాడని. ఫోన్ చేస్తే, "జకరయ్య అన్నయ్య కారా? ఫోటో ఎందుకు బాబూ, అది నా కళ్ళలోనే ఉంది" అన్నాడు. జీవానందం పొంగిపోయాడు. అప్పటికి భుజంగరావు సంగతి అతనికి తెలియదు.

"విప్పుదాం బాబూ, విప్పుదాం," అన్నాడు భుజంగరావు గ్లాసు కింద పెడుతూ. "ముందు ఆ కారంటే ఏంటో తెలియాలి కదా మీకు. తెలియకుండా చూస్తే ఇది బొమ్మ. తెలిసి చూస్తే... సరే, వినండి. ఓ రోజు నేనూ జకరయ్య అన్నయ్యా గుడివాడ వెళ్తున్నాం. ముందు సీట్లో కిటికీ పక్కన నేను. నేను పక్కన లేనిదే ఆయన బండి తీసేవారు కాదులెండి. కవుతరం దాటామో లేదో వెనక టైరు ఢామ్మంది. స్టెపినీ అంతకు ముందురోజే పోయింది. ఊళ్ళోకి పోదామంటే దూరం. అన్నయ్య నా మొహం చూశారు, నేను పక్కన చేలో గడ్డివామి చూశాను. అంతే! నాలుగు మోపులు ఎండుగడ్డి లాగి, టైరు నిండా కుక్కి కుక్కి, పరుపు కుట్టినట్టు బిగించేశాను. బండి కదిలింది."

ఇంతవరకూ బాగానే ఉంది. టైరులో గడ్డి కుక్కి బండిని ఊళ్ళోకి లాక్కొచ్చిన వాళ్ళ సంగతి జీవానందం కూడా విన్నాడు. నాన్న పక్కన ఉన్న మనిషే కారు చేశాడన్నమాట అని అతని మనసు కాస్త కుదుటపడింది కూడా.

"ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ? గుడ్లవల్లేరు దగ్గర మేతకెళ్ళి సాయంత్రం తిరిగొస్తున్న గేదెల మంద ఎదురొచ్చింది. గడ్డి కదా, వాసన తగిలింది. గేదె మామూలుగా పరిగెత్తదండీ, దాని ఒంటికి పడదు. ఇవి పరిగెత్తాయి! అన్నయ్య స్పీడు పెంచితే అవీ పెంచాయి. ముల్లు అరవై దగ్గర గజగజా వణుకుతోంది, నేను కిటికీలోంచి చూద్దును గదా, నా మొహం పక్కనే గేదె మొహం! నాతో సమానంగా! ఒక గేదైతే వెనక నుంచి అదే పనిగా అరుస్తోంది, అన్నయ్య చెయ్యి బయటపెట్టి సైడిచ్చారు, ఓవర్‌టేక్ చేసి వెళ్ళిపోయింది."

టీ వడకడుతున్న నాగభూషణరావు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "గేదెకి సైడిచ్చారా!"

"ఇవ్వకపోతే గుద్దేస్తుందండీ. గుడివాడ బస్టాండు దాకా వచ్చేశాయి. అప్పుడు వాటి యజమానులు సైకిళ్ళ మీద రొప్పుకుంటూ వచ్చి, అక్కడే పాలు పితుకుదామని కూర్చున్నారు. పాలేవి? ఆ పరుగుకి పొదుగులోనే చిలికేసుకుని, పితికితే వెన్న! ఉత్త వెన్న, ముద్దలు ముద్దలుగా!"

బల్ల చివర కూర్చున్న పిచ్చేశ్వరరావు, చేపల చెరువులున్న రైతు, రోజూ ఈ కొట్టు దగ్గర వినేవాడే, ముఖం చాలా సీరియస్‌గా పెట్టాడు. "వెన్న గుడివాడలో వచ్చింది సరే. మరి మజ్జిగేమైంది బావా?"

"మజ్జిగ అంగలూరులోనే కారిపోయింది బావా," అన్నాడు భుజంగరావు, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా.

కొట్టంతా గొల్లుమంది. జీవానందం నవ్వలేదు. నవ్వడానికి అతని నోరు తెరుచుకుంది గానీ అలాగే ఉండిపోయింది. ఇతనా రేపు నాన్న ఫోటో పక్కన పెట్టాల్సిన కారు చేసింది! తల్లి వైపు చూశాడు. మార్తమ్మ ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఏమనుకుంటోందో తెలియలేదు.

"భుజంగరావు గారూ, చీకటి పడకముందే వెళ్ళాలండీ. ఒక్కసారి పెట్టె..."

"పెట్టె ఎక్కడికీ పోదు బాబూ. తాడుంది కదా. అసలు తాడెందుకు కట్టాననుకుంటున్నారు? కట్టకపోతే ఆగదు. మొన్న పని పూర్తయ్యాక, సరదాకి, దూదితో ఒక్క చుక్క పెట్రోలు అద్దాను. అద్ది చెయ్యి కడుక్కొచ్చేసరికి అరుగు మీద లేదు! వెతగ్గా వెతగ్గా ఈ సెంటర్లో, ఇదిగో, సరిగ్గా అన్నయ్య బండి ఆపే చోట ఆగి ఉంది. ఊరికే ఆగలేదు. చీమలు! వరసకట్టి ఎక్కుతున్నాయి. సీట్లు నిండిపోయాయి, డిక్కీ నిండింది, ఇంకో నాలుగు టాపు మీద సామాన్ల కారేజీ పట్టుకుని వేలాడుతున్నాయి. ఓ గండుచీమ కిందనే నిలబడి అందరినీ సర్దుకోమంటోంది."

"అదేనా కండక్టరు?" అన్నాడు పిచ్చేశ్వరరావు.

"నేనడగలేదు బావా. డ్యూటీలో ఉన్నవాళ్ళని కదిలించకూడదు."

జీవానందానికి కొత్త అనుమానం పట్టుకుంది. చీమల కారు సరే, బొమ్మ అసలుందా? పెట్టె తేలిగ్గా ఉందో బరువుగా ఉందో చూద్దామని చెయ్యి చాపాడు. భుజంగరావు ఆ చేతిని ఎంతో ఆప్యాయంగా తన రెండు చేతుల్లోకి తీసేసుకున్నాడు.

"మీ నాన్నగారు నందివాడ పెళ్ళివారిని తీసుకెళ్ళిన సంగతి మీకు చెప్పి ఉండరు. గొప్పలు చెప్పుకునే మనిషి కాదు ఆయన. అసలు మాటే తక్కువ. అందుకే నేను చెప్పాల్సొస్తోంది. మగపెళ్ళివారు బస్సు మాట్లాడుకున్నారు, అది రాలేదు. ముహూర్తం మించిపోతోంది. అన్నయ్య ఒక్కటే మాటన్నారు, 'ఎక్కండి' అని. ఎక్కారు. బస్సుకి సరిపడా జనం ఎక్కారు! సన్నాయి మేళం పైన. వంటవాళ్ళు డిక్కీలో. ఊరికే కూర్చుంటే టైము దండగ కదా, పొయ్యి వెలిగించేశారు. పెదపారుపూడి వచ్చేసరికి పులిహోర పోపు వాసన ముందు సీటు దాకా కమ్మేసింది. ఇంతలో పురోహితుడు గడియారం చూసి బావురుమన్నాడు, 'ముహూర్తం ఇదే, ఇప్పుడే' అని. దారిలో ఆడపెళ్ళివారు ఎదురొచ్చారు, పెళ్ళికూతుర్ని కిటికీలోంచి అందుకున్నాం, థర్డ్ గేరులో మాంగల్యధారణ!"

"మరి ఏడడుగులో?" నాగభూషణరావు నిజంగానే కంగారుగా అడిగాడు. పాలు పొంగి స్టవ్వు మీద పడుతున్నాయి, ఆయన చూసుకోలేదు.

"బండి ఏడు గతుకుల్లో పడిందండీ. గతుక్కో అడుగు. పురోహితుడు లెక్క సరిపోయిందన్నాడు."

పిచ్చేశ్వరరావు బల్ల మీద కొట్టి నవ్వాడు. రోడ్డు మీద పోతున్న ఇద్దరు కూడా ఆగి వింటున్నారు. జీవానందం ఆగినవాళ్ళ మొహాలు చూశాడు. ఇందులో ఒక్కరు రేపు కూడికకి వచ్చినా చాలు. ప్రార్థన మధ్యలో, ఫోటో ముందు, ఎవరో ఒకరు గేదె సంగతి గుర్తొచ్చి కిసుక్కుమంటారు. నాన్న నోట్లోంచి గట్టిగా పది మాటలు రావడం ఎవరూ ఎరగరు. అటువంటి మనిషిని ఈయన బజార్లో నిలబెట్టి ఆడిస్తున్నాడు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. ఈ నోటితో గుర్తుచేసుకున్న కారు ఎలా ఉంటుంది? రెక్కలుంటాయా? తెడ్లుంటాయా? పెట్టె విప్పాక అమ్మ ఆ కారు చూసి 'ఇది ఆయనది కాదురా' అంటే, ఇంకెక్కడికి వెళ్ళి తెస్తాడు? ఇంక టైము లేదు.

"ఇదంతా ఒక ఎత్తండీ," అని భుజంగరావు గొంతు తగ్గించాడు. గొంతు తగ్గిందంటే అసలుది వస్తోందని పిచ్చేశ్వరరావుకి తెలుసు. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "పులిగడ్డ వరద ఒక ఎత్తు. అవనిగడ్డ నుంచి నలుగురు ఆడవాళ్ళని ఎక్కించుకుని వస్తున్నాం. కృష్ణ గట్లు తోసుకుంటోంది. నీళ్ళు రోడ్డు మీదకి, రోడ్డు మీంచి బానెట్టు మీదకి. ఇంజను ఆగిపోయింది. బండి తేలింది! ఆడవాళ్ళు కేకలు. నా కాళ్ళు చల్లబడ్డాయి, నిజం చెబుతున్నాను. అప్పుడు జకరయ్య అన్నయ్య ఏం చేశారో తెలుసా? నా వైపు చూసి, 'భుజంగం, స్టీరింగు పట్టుకో' అని, తన పక్క తలుపుని, డ్రైవరు తలుపుని, ఒక్క తన్ను తన్నారు. ఢాం! అది తెరుచుకుని వెనక్కి కొట్టుకుంది. తాడు పళ్ళతో కరిచి పట్టుకుని వరదలోకి దూకేశారు!"

ఎవరూ నవ్వలేదు ఈసారి. నాగభూషణరావు స్టవ్వు ఆర్పేశాడు.

"ఆయన ముందు ఈదుతున్నారు, వెనక కారు, లోపల నేను స్టీరింగు తిప్పుతున్నాను. పడవలు తిరగబడ్డవాళ్ళు వచ్చి బంపరు పట్టుకున్నారు. ఓ తాటిచెట్టు కొట్టుకొచ్చి వెనక చేరింది, దాని మీద రెండు కాకులు. హంసలదీవి వచ్చింది, ఆగలేదు. సముద్రం! అలలు తాటిచెట్టంత. అప్పటికి ఇంజను తడి ఆరింది, సెల్ఫ్ కొట్టాను, అందుకుంది. అన్నయ్య ఎక్కేశారు. ఒడ్డు కనపడేంత దూరంలో, అలల మీద, సెకండ్ గేరులో, మంగినపూడి దాకా వచ్చేశాం! ఓడ ఒకటి ఎదురొచ్చి హారన్ కొట్టింది. లైట్లతో డిమ్ డిప్ ఇచ్చాం. మంగినపూడి దగ్గర పల్లెవాళ్ళు వల లాగుతుంటే అందులో పడ్డాం. పాపం వాళ్ళు పెద్ద చేపనుకుని తూకం వెయ్యబోయారు. వైపరుకి రొయ్య పట్టుకుని ఇటూ అటూ ఊగుతోంది. తలుపు తీసి ఆ నలుగురు ఆడవాళ్ళనీ దింపితే, చీరల కుచ్చిళ్ళు కూడా తడవలేదండీ!"

జీవానందం లేచి నిలబడ్డాడు. నాన్న మోకాల్లోతు కాలవలోకి కూడా దిగేవాడు కాదు. ఈత రాదు. ఆ మాట అనేద్దామని, అనేసి తల్లిని లేవదీసుకుని వెళ్ళిపోదామని నోరు తెరిచాడు.

"భుజంగం," అంది మార్తమ్మ. కొంగు నోటి మీంచి తీసింది. "తాడు విప్పు."

వచ్చిన దగ్గర్నుంచీ ఆమె అన్న మొదటి మాట అది. భుజంగరావు పెట్టె దగ్గరికి లాక్కున్నాడు. "చిత్తం వదినగారూ" అని ముడి విప్పాడు. అట్టలు వెనక్కి మడిచి, లోపలి దూది తొలగించి, రెండు చేతులతో పైకి తీసి బల్ల మీద పెట్టాడు.

కొట్టు దగ్గరున్నవాళ్ళంతా బల్ల చుట్టూ మూగారు.

రెక్కలు లేవు. తెడ్లు లేవు. నల్లగా, నున్నగా, జానెడు మించిన అంబాసిడర్. గుండ్రటి బానెట్టు, ముందు పళ్ళ లాంటి గ్రిల్లు, వెండిపూత పూసిన బంపర్లు, వెనక బంపరు ఎడమ చివర చిన్న సొట్ట. పైన ఇత్తడి తీగతో అల్లిన కారేజీ. లోపల సీట్ల మీద ఎర్ర రెక్సిను, ఒకచోట చిరుగు, దానికి వేసిన మాసిక. జీవానందం ముక్కు దగ్గరకి తీసుకోబోయి ఆగాడు. బొమ్మకి ఆ వాసన ఉండదని తెలిసి కూడా అతని చెయ్యి అలా వెళ్ళింది.

"తలుపులు కూడా తెరుచుకుంటాయి వదినగారూ. చూడండి," అన్నాడు భుజంగరావు.

మార్తమ్మ కారుని ఒళ్ళో పెట్టుకుంది. చూపుడువేలి గోరుతో ఎడమ పక్క ముందు తలుపు లాగింది. సన్నగా టిక్కుమని తెరుచుకుంది. వెనకది తెరుచుకుంది. అటు తిప్పి కుడి పక్క వెనకది లాగింది, అదీ వచ్చింది. డ్రైవరు తలుపు లాగింది. రాలేదు.

"పెయింటు పట్టేసినట్టుంది బావా," అన్నాడు పిచ్చేశ్వరరావు.

జీవానందం వంగి చూశాడు. తనూ లాగాడు. కదల్లేదు. అన్నీ అంత బాగా చేసి, నాన్న రోజూ ఎక్కి దిగే తలుపు దగ్గరకొచ్చేసరికి... అప్పటిదాకా అణుచుకున్న కోపమంతా పైకొచ్చింది. "కోతలు కోస్తూ కూర్చుంటే ఇంతేనండీ. నాలుగో తలుపు చెయ్యడం మర్చిపోయారు!"

భుజంగరావు మొహం ఎర్రబడింది. గేదెల గురించి నవ్వినా, చీమల గురించి నవ్వినా ఆయనకేం పట్టలేదు. ఇది తగిలింది.

"మర్చిపోవడమా! నేనా! అచ్చులు చేసిన చేతులు బాబూ ఇవి. కళ్ళజోడు పెట్టుకుని చూడండి, ఆ తలుపు అంచు చుట్టూ వెల్డింగు మచ్చలు కూడా పెట్టాను. సూదిమొనతో పెట్టాను. తెరుచుకోవడానికి ఆ తలుపు ఎప్పుడు తెరుచుకుందనీ? పెడన రైలుగేటు దగ్గర లారీ గుద్దిన దగ్గర్నుంచీ దాన్ని అతికించేశారు. కారు అమ్మేదాకా అది ఒక్కరోజు కూడా..."

అక్కడ ఆగిపోయాడు.

పిచ్చేశ్వరరావు నోరు తెరుచుకుని తలుపు వైపు చూశాడు, భుజంగరావు వైపు చూశాడు, మళ్ళీ తలుపు వైపు చూశాడు.

"అవును," అంది మార్తమ్మ. "ఒక్కరోజు కూడా తెరుచుకోలేదు. ఆయన ఎడమ పక్క నుంచి ఎక్కి జరుగుతూ జరుగుతూ స్టీరింగు దగ్గరకి చేరేవాడు. దిగాలంటే ముందు సీటు వాళ్ళంతా దిగాలి." కారుని కాస్త పైకెత్తి పట్టుకుంది. "మరి పులిగడ్డ వరదలో ఆయన ఏ తలుపు తన్ని దూకాడు, భుజంగం?"

ఈసారి భుజంగరావు తడుముకున్నాడు.

"కిటికీలోంచండీ."

"అద్దం దిగేదా?"

అందరూ ఒక్కసారే వంగారు. మిగతా మూడు అద్దాలూ సగం దించి ఉన్నాయి. ఆ ఒక్క అద్దం పైకి ఎక్కించి, జారిపోకుండా సందులో మడిచిన అట్టముక్క కుక్కి ఉంది. గింజంత అట్టముక్క. అది కూడా ఆ చేతులే పెట్టాయి.

పిచ్చేశ్వరరావు మొదలుపెట్టాడు, తర్వాత నాగభూషణరావు, తర్వాత రోడ్డు మీద నిలబడ్డవాళ్ళు. కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వారు. "కృష్ణానది దాటావు, సముద్రం దాటావు, నువ్వు చేసిన తలుపు దాటలేకపోయావు గదా బావా!"

మార్తమ్మ కూడా నవ్వుతోంది. అప్పుడు అర్థమైంది జీవానందానికి, ఇందాకటి నుంచీ కొంగు చాటున జరుగుతున్నదేమిటో.

"కిటికీ పక్కన దర్జాగా కూర్చున్నాడట!" అంది ఆమె, కొడుకుతో. "ముందు సీట్లో ఆయనకి ఎడం పక్కన ముగ్గురు, కుడి పక్కన ఒకడు. అప్పట్లో అలాగే కుక్కేవాళ్ళు. ఆ కుడి పక్కన, ఈ తెరుచుకోని తలుపుకి అతుక్కుని, ఒళ్ళో గిల్టు గాజుల డబ్బా పెట్టుకుని కూర్చునేవాడు ఈ భుజంగమే. నూనూగు మీసాల వయసు. చీపురుపుల్లలా ఉండేవాడు, వాడైతేనే అక్కడ పట్టేవాడు. అందరికంటే ముందు ఎక్కాలి, అందరూ దిగాక, ఆయన కూడా దిగాక దిగాలి. గుడివాడలో నేను ఎన్నిసార్లు చూశానో, కాళ్ళు తిమ్మిరెక్కి నిలబడలేక బండి పట్టుకుని వేలాడేవాడు."

భుజంగరావు తల వంచుకుని బల్ల మీది పురికొస వేలికి చుట్టుకుంటున్నాడు.

"గతుకుల్లో తల ఆ అద్దానికి కొట్టుకునేదండీ," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. ఈసారి గొంతు తగ్గించలేదు, పెంచలేదు. "ఓ రోజు అన్నయ్య భుజం మీద తువ్వాలు తీసి, మడిచి, నా తలకీ అద్దానికీ మధ్య పెట్టారు. ఏం మాట్లాడలేదు. ఆ తర్వాత రోజూ నేను ఎక్కగానే తువ్వాలు తీసి ఇచ్చేవారు."

జీవానందం పైకి ఎక్కించిన ఆ అద్దం వైపు మళ్ళీ చూశాడు. ఏడాది నుంచీ ఎంతోమంది వచ్చి నాన్న గురించి మంచి మాటలు చెప్పారు. నాన్నని ఇలా చూపించినవాళ్ళు లేరు.

మార్తమ్మ కారుని కొడుకు చేతికిచ్చి, కుర్చీ చెయ్యి పట్టుకుని లేచింది.

"రేపు కూడికకి రా భుజంగం. ఆయన గురించి రెండు మాటలు చెప్పు. ఇప్పుడు చెప్పావే, అది చెప్పు."

భుజంగరావు అదిరిపడ్డాడు. ఈ సాయంత్రమంతా జనాన్ని అదరగొట్టిన మనిషి కళ్ళు ఇంతింత చేసుకుని చూశాడు. "అదొక్కటేనా వదినగారూ? వరదా వద్దా? అదొక్కటే చెబితే రెండు నిమిషాల్లో అయిపోతుందండీ!"

"ఆయన మాత్రం," అంది మార్తమ్మ, "ఏనాడు అంతకంటే ఎక్కువ మాట్లాడాడనీ?"